కోరుకొనుటకు ముందు ఒక సంవత్సరము

పదవ తరగతి గట్టెక్కిన బాలుని బంధువులందఱును అడుగు ప్రశ్న ఒకటే: "ఏ గ్రూపు తీసికొంటివిరా?" పదునైదు పదునాఱేండ్ల ఆ బాలుడు ఒకనాడు లెక్కలనియు, మఱియొకనాడు చరిత్రయనియు తడుముకొని, తుదకు మార్కులు చెప్పిన మాటనో, అన్నగారు నడచిన బాటనో పట్టుకొనును. తర్కశాస్త్రమనగా ఎట్టిదో, అర్థశాస్త్రము దేనిని విచారించునో, భూగర్భశాస్త్రజ్ఞుడు ఱాతిని చూచి ఏమి చదువునో ఆతడెఱుగడు. రుచి యెఱుగని పదార్థములలో ఒకదానిని ఏఱుకొని జీవితాంతము దానినే భుజింపుమని విస్తరి ముందు కూర్చుండబెట్టుట వంటిది ఇది.

ఈ చిక్కు మన దేశమునకే చెందినది కాదు. ఇంగ్లండులో విద్యార్థి పదునాఱవ యేటనే ఆర్ట్సు వైపో సైన్సు వైపో మరలి, రెండు మూడు విషయములను మాత్రమే చదివి, విశ్వవిద్యాలయమున మూడేండ్లు ఒక్క విషయమునే మథించి పట్టభద్రుడగుట చిరకాలపు ఆనవాయితీ. ఆ ఆనవాయితీని కాదని, డిగ్రీ చదువునకు ఒక పూర్తి సంవత్సరమును అదనముగా చేర్చి, జ్ఞానప్రపంచపు పొలిమేరలను చూపిన పిదపనే "ఇప్పుడు కోరుకొనుము" అని విద్యార్థికి చెప్పిన విద్యాలయమొకటి 1950 లో తలుపులు తెఱచినది. అది ఉత్తర స్టాఫర్డుషైరులోని కీల్ గ్రామమున వెలసిన కళాశాల. ఆ మొదటి యేటికి వారు పెట్టిన పేరు పునాది సంవత్సరము. దానిని సంకల్పించిన పెద్ద ఏ. డి. లిండ్సే.

కుమ్మరుల సీమలో

కీల్ గ్రామమునకు చేరువనున్న స్టోక్-ఆన్-ట్రెంట్ నగరము పింగాణి పాత్రలకు ప్రసిద్ధి. ఆఱు పట్టణములు కలిసి ఒక నగరమైన ఆ సీమలో కుమ్మరి కొలుములును, బొగ్గు గనులును ఒకనాడు జనులకు జీవనాధారములుగా ఉండెను. అచ్చటి లాంగ్టన్ పట్టణమున 1908 లో ఆర్. హెచ్. టానీ కార్మికులకొఱకు సాయంకాలపు తరగతి నడపెను. పగలెల్ల పనిచేసి అలసి వచ్చినవారు రాత్రివేళ అర్థశాస్త్రమును, చరిత్రను చర్చించిరి. వారు డిగ్రీకొఱకు రాలేదు. తమ బ్రతుకులు అట్లేల ఉన్నవో తెలిసికొనుటకు వచ్చిరి. ఇట్టి తరగతులతో ఆక్స్‌ఫర్డునకు ఏర్పడిన అనుబంధమునుండియే, రెండవ ప్రపంచయుద్ధానంతరము, ఆ ప్రాంతమునకు సొంత విశ్వవిద్యాలయము కావలెనను కోరిక బలపడినది.

లిండ్సే 1879 లో గ్లాస్గో నగరమున జన్మించెను. స్కాట్లండు విశ్వవిద్యాలయములలో డిగ్రీ చదువు నాలుగేండ్లు. అందు తొలియేండ్లలో పలు విషయములు చదువుట సంప్రదాయము. తత్త్వశాస్త్రము ఆయన విద్య. 1924 నుండి 1949 వఱకు ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలకు అధిపతిగా ఉండెను. శ్రామిక విద్యోద్యమము ఆయనకు ప్రాణప్రదము. 1930-31 లో మన దేశమునందలి క్రైస్తవ కళాశాలల విద్యను విచారించుటకు వచ్చిన సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. 1931 లో రౌండు టేబిలు సమావేశమునకై ఇంగ్లండు వెళ్ళిన గాంధీ మహాత్ముడు ఆక్స్‌ఫర్డునకు వచ్చినపుడు లిండ్సే గృహముననే విడిది చేసెను. అట్టి పెద్దమనిషి, డెబ్బది యేండ్ల వయస్సున, ఆక్స్‌ఫర్డు పదవి ముగియగనే విశ్రాంతిని కోరక, సైన్యము విడిచిపోయిన రేకు గుడిసెల నడుమ ఒక క్రొత్త కళాశాలను నిలుపుటకు పూనుకొనెను.

ప్రశ్నపత్రము ఎవరి చేతిలో?

పాఠ్యప్రణాళిక వేయుటకు ముందు లిండ్సే మఱియొక చిక్కు విప్పవలసి వచ్చెను. ఆనాడు ఇంగ్లండులో క్రొత్తగా పుట్టిన కళాశాలలు సొంతముగా డిగ్రీ ఈయజాలవు. వాని విద్యార్థులు లండను విశ్వవిద్యాలయపు పరీక్షలకు కూర్చుండవలెను. పరీక్ష లండనుదైనచో పాఠమును లండనుదే యగును. ప్రశ్నపత్రము ఒకరి చేతిలోను, బోధన మఱియొకరి చేతిలోను ఉన్నంతకాలము ఏ క్రొత్త ప్రణాళికయు కాగితము దాటదు.

తెలుగుదేశపు అధ్యాపకులకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1857 లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడినది మొదలు మన కళాశాలలు అనుబంధ కళాశాలలు. బోధించువాడు పాఠ్యాంశమును నిర్ణయింపడు. నిర్ణయించువారు ఆ తరగతిగది చూడరు. మధ్యనున్న విద్యార్థి "ఇది పరీక్షకు వచ్చునా?" అని మాత్రమే అడుగుట నేర్చుకొనును.

లిండ్సే ఈ ముడిని మొదటనే విప్పెను. ఆక్స్‌ఫర్డు, మాంచెస్టరు, బర్మింగుహాము విశ్వవిద్యాలయములు మూడును హామీదారులుగా నిలిచి, ప్రమాణములను పరికించునట్లు ఒడంబడిక కుదిరెను. కళాశాల తన బి. ఏ. పట్టమును తానే ఈయవచ్చునని 1949 లో అనుమతి లభించెను. విశ్వవిద్యాలయమని పేరు రాకముందే డిగ్రీ నిచ్చు స్వాతంత్ర్యము వచ్చుట ఆ దేశమున క్రొత్త సంగతి. విశ్వవిద్యాలయ ప్రతిపత్తి కీల్‌కు 1962 లో గాని రాలేదు.

ఆ యేటి కూర్పు

1950 అక్టోబరులో నూటయేబది మందికి పైబడిన విద్యార్థులతో తరగతులు ఆరంభమయ్యెను. చదువు నాలుగేండ్లు. అందు మొదటిది పునాది సంవత్సరము. రసాయనశాస్త్రము చదువదలచిన వానికిని, ఫ్రెంచి సాహిత్యము చదువదలచిన వానికిని అది ఒక్కటే.

ఆ యేటి ప్రధానాంగము ఉపన్యాసమాలిక. మానవుడు నివసించు భౌతిక ప్రపంచము, పాశ్చాత్య నాగరకతకు మూలములైన గ్రీకు, రోమను, హీబ్రూ సంప్రదాయములు, ప్రయోగాత్మక విజ్ఞానము పుట్టి పెరిగిన తీరు, యంత్రయుగము తెచ్చిన మార్పులు, నేటి పారిశ్రామిక సమాజము, ప్రజాప్రభుత్వము—ఇవి అందలి ముఖ్యాంశములు. వీనిని విడివిడి ముక్కలుగా కాక, ఒక కథవలె, ఒకదానినుండి మఱియొకటి పుట్టినట్లు చెప్పవలెనని సంకల్పము. గెలీలియో దూరదర్శినితో ఆకాశమును చూచుట భౌతికశాస్త్ర విషయము మాత్రమే కాదు. మతమును, తత్త్వమును, రాజ్యమును కదలించిన సంగతి. దానిని భౌతికశాస్త్రజ్ఞుడు ఒక దినమునను, చరిత్రకారుడు మఱియొక దినమునను చెప్పినచో, రెండు శాఖల నడుమ గోడ యెంత పలుచనిదో విద్యార్థికి తెలియును.

ఉపన్యాసము వినుటతో పని ముగియలేదు. విద్యార్థులను చిన్న గుంపులుగా చేసి, వివిధ శాఖల అధ్యాపకుల యెదుట చర్చలు నడపించిరి, వ్యాసములు వ్రాయించిరి. దీనికి తోడు, విద్యార్థి తాను అంతకు ముందు చదువని కొన్ని విషయములను ఏడాది పొడవునను, మఱికొన్నిటిని ఒక టర్ముపాటును అభ్యసింపవలెను. ఆర్ట్సు విద్యార్థికి సైన్సును, సైన్సు విద్యార్థికి ఆర్ట్సును ఇట్లు పరిచయమయ్యెను.

తరువాతి మూడేండ్లును ఈ పునాదికి అనుగుణముగానే అమర్చిరి. రెండు ప్రధాన విషయములు, రెండు ఉపవిషయములు. ఈ నాలుగింటిలో సైన్సుకు చెందినది ఒకటియైనను, మానవ విద్యలకో సామాజిక విద్యలకో చెందినది ఒకటియైనను ఉండి తీరవలెను. సైన్సు చదివిన వానికిని చేతికి వచ్చునది బి. ఏ. పట్టమే. సి. పి. స్నో 'రెండు సంస్కృతులు' అను ఉపన్యాసములో సాహిత్యకారులకును శాస్త్రజ్ఞులకును నడుమనున్న అగాధమును గూర్చి వాపోయినది 1959 లో. ఆ అగాధముపై కీల్ అంతకు తొమ్మిదేండ్లకు ముందే వంతెన కట్టుటకు యత్నించెను.

అధ్యాపకునికి అగ్నిపరీక్ష

పునాది సంవత్సరము విద్యార్థికంటె అధ్యాపకునికే కష్టమైనది. తన శాఖలో ప్రవీణులగు శిష్యులకు చెప్పుట యొక విద్య. ఆ శాఖ పేరు మాత్రమే విన్నవారికి, తేలిక చేయక, తప్పు చెప్పక, ఒక గంటలో దాని హృదయమును చూపుట వేఱొక విద్య. రెండవదానికి పాండిత్యము ఎక్కువ కావలెను గాని తక్కువ చాలదు. కీల్‌లో తొలినాళ్ళలో అధ్యాపకులును విద్యార్థులతో పాటు కూర్చుండి సహాధ్యాపకుల ఉపన్యాసములను వినిరి. అందఱును ఆ ప్రాంగణముననే కాపురముండుటచే, ఉదయము విన్న పాఠము సాయంకాలపు తేనీటి వేళ చర్చగా మాఱెను. అచ్చట తత్త్వశాస్త్రాచార్యుడుగా పనిచేసిన డబ్ల్యు. బి. గాలీ ఈ ప్రయోగమును గూర్చి 1960 లో ఒక గ్రంథమునే ప్రకటించెను.

ఆక్షేపణలు లేకపోలేదు. అన్నిటిని తాకి దేనిని పట్టకపోవుట విద్య కాదు, మిడిమిడి జ్ఞానము అని కొందఱనిరి. ఈ మాట తోసిపుచ్చదగినది కాదు. వేగముగ పోవు రైలు కిటికీనుండి ఊళ్ళు చూచినవాడు ఆ ఊళ్ళను ఎఱిగినవాడు కాడు. కాని ఏ స్టేషనులో దిగవలెనో తెలియనివానికి ఆ కిటికీయే శరణ్యము. పునాది సంవత్సరము ముగిసిన పిదప పలువురు విద్యార్థులు తాము చదువదలచి వచ్చిన విషయములను మార్చుకొనిరి. వారు చపలచిత్తులని కాదు. మొదటి కోరిక తెలియక కోరినది, రెండవది తెలిసి కోరినది.

రెండవ ఆక్షేపణ ధనమునకు సంబంధించినది. మూడేండ్లలో ముగియు చదువునకు నాలుగవ యేడు చేర్చినచో ప్రభుత్వమునకు వ్యయము, విద్యార్థికి కాలహరణము. చివరకు ఈ రెండవ ఆక్షేపణయే ప్రబలమయ్యెను. 1970 ల నుండి కీల్‌లోను మూడేండ్ల చదువునకు తావిచ్చిరి. క్రమముగా అదియే రాజమార్గమై, నాలుగేండ్ల చదువు సన్నని కాలిబాటగా మిగిలెను. పాఠము చెడి ఆ ప్రయోగము సన్నగిల్లలేదు. దానికి అయ్యెడి వెలను భరించు ఓపిక లోకమున సన్నగిల్లెను.

లిండ్సే ఆ రోజులు చూడలేదు. 1952 మార్చిలో, తొలి విద్యార్థులు రెండవ యేట ఉండగనే, ఆయన మరణించెను. వారు పట్టములందుకొన్నది 1954 లో. నాలుగంతస్తుల మేడకు ఆయన కన్నులార చూచినది పూర్తిగా లేచిన ఒక్క అంతస్తును మాత్రమే.

మన కళాశాలలకు

ఇట్టి ఆలోచన మన పెద్దలకు తట్టక పోలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49 లో విచారణ జరిపిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, ఒక శాఖకే పరిమితము కాని సామాన్యవిద్య డిగ్రీలో భాగము కావలెనని సిఫారసు చేసెను. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో భారతీయ వారసత్వము, సంస్కృతి అనియు, విజ్ఞానశాస్త్రము, నాగరకత అనియు పునాది పాఠ్యాంశములు నడచినవి. ఢిల్లీ విశ్వవిద్యాలయము 2013 లో నాలుగేండ్ల డిగ్రీని, దానితో పదునొకండు పునాది పాఠ్యాంశములను ప్రవేశపెట్టి, తీవ్రమైన విమర్శల నడుమ 2014 లో ఉపసంహరించుకొనెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము నాలుగేండ్ల డిగ్రీని మరల ముందునకు తెచ్చినది.

పేరు ఒకటియైనంత మాత్రమున పని ఒకటి కాదు. కీల్‌లో ప్రణాళిక వేసినవారే పాఠము చెప్పిరి, పాఠము చెప్పినవారే పరీక్షించిరి. వందలకొలది విద్యార్థులు క్రిక్కిఱిసిన కళాశాలలకు పైనుండి ఒక పాఠ్యపుస్తకమును పంపి, ఏడాది చివర ఒక ప్రశ్నపత్రము నిచ్చి, దానిని పునాది యని పిలిచినచో, అది పునాది కాదు, భుజముపై మఱియొక ఇటుక. చర్చకు చిన్న గుంపు, వ్యాసమును చదివి దిద్దు అధ్యాపకుడు, ఏడాది చివర మనస్సు మార్చుకొను స్వేచ్ఛ—ఈ మూడును లేని పునాది తరగతి ఎంత గొప్ప పాఠ్యక్రమము కలదైనను నిష్ఫలము. అందును మూడవది అత్యంత ముఖ్యము. మనస్సు మార్చుకొను వీలు లేనిచో అన్నిటిని చూపుట ఎందులకు?

లాంగ్టన్ కుమ్మరులు డిగ్రీ అడుగలేదు. తమ బ్రతుకును అర్థము చేసికొను వెలుతురు నడిగిరి. ఆ వెలుతురునే కీల్ విద్యార్థులకు ఒక యేడు ముందుగా ఈయదలచినది. అంతటి వ్యవస్థ మార్పు ఒక్క ఉపాధ్యాయుని చేతిలో లేదు. కాని లెక్కల పాఠమున ఆర్యభటుని కాలమును ముచ్చటించుటకును, తెలుగు పాఠమున నన్నయనాటి రాజమహేంద్రవరపు రాజ్యమును, పొలమును, పన్నును జ్ఞప్తికి తెచ్చుటకును ఎవరి అనుమతియు అక్కఱలేదు. "ఏ గ్రూపు తీసికొంటివిరా?" అని అడుగు దినము ఎట్లును రానే వచ్చును. ఆ దినమునకు ముందే "ఏమేమి చూచితివిరా?" అని అడిగినవారు ఒకరైనను ఉన్నచో, ఆ బాలుని యెన్నిక గ్రుడ్డి యెన్నిక కాదు.