బీదర్ విమానాశ్రయం ఎవరిది?

బీదర్ వాళ్లకి విమానం చప్పుడు కొత్త కాదు, విమానం టికెట్టే కొత్త. 1960ల నుంచి అక్కడ ఎయిర్‌ఫోర్స్ వాళ్ల శిక్షణ కేంద్రం ఉంది. రేపు యుద్ధ విమానాలు నడపబోయే వాళ్లు ఇప్పుడు హాక్ అనే జెట్ మీద చేయి తిరిగేదాకా ఇక్కడే నేర్చుకుంటారు. తొమ్మిది విమానాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నట్టు ఎగిరే సూర్యకిరణ్ బృందాన్ని టీవీలో చూసే ఉంటారు, వాళ్ల సొంతూరు కూడా బీదరే. 1996లో మొదలైన ఆ బృందాన్ని 2011లో ఆపేశారు. కారణం, కొత్త పైలట్లకు నేర్పడానికి విమానాలు చాలలేదు. విన్యాసాలు పక్కన పెట్టి వాళ్ల కిరణ్ విమానాల్ని శిక్షణకు తీసుకున్నారు. తర్వాత 2015లో హాక్ విమానాలతో మళ్లీ మొదలుపెట్టారు. బీదర్ నుంచి ఫోన్‌లో మాట్లాడేవాళ్లు మధ్యలో ఆగిపోతే సిగ్నల్ పోయిందనుకోకండి, పైన విమానం పోతోందన్నమాట.

ఇంత ఆకాశం ఉన్న ఊళ్లో మామూలు మనుషులు విమానం ఎక్కింది మాత్రం 2020 ఫిబ్రవరి 7న. అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప ప్రారంభించారు. ట్రూజెట్ అనే హైదరాబాద్ కంపెనీ (అదే, రామ్‌చరణ్ బ్రాండ్ అంబాసిడర్‌గా ఉన్న కంపెనీ) బెంగళూరుకు విమానం వేసింది. రైల్లో అయితే రాత్రంతా ప్రయాణం. విమానంలో సుమారు గంటన్నర.

మరి ఈ విమానాశ్రయం ఎవరిది? నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ప్రశ్నే. బీదర్ నగరసభదా? కాదు. రన్‌వే ఎయిర్‌ఫోర్స్‌ది, అక్కడ విమానం దిగాలన్నా లేవాలన్నా అనుమతి వాళ్లదే. ప్రయాణికులు కూర్చునే టెర్మినల్ కర్ణాటక ప్రభుత్వానిది. దాన్ని నడిపే ఒప్పందం శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ వాళ్లది. టికెట్ అమ్మేది ఇంకో కంపెనీ. ఇలా సైన్యం స్థలంలో పౌరుల కోసం కేటాయించిన ముక్కని సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు. మనకు తెలిసిన ఉదాహరణ విశాఖపట్నం. అక్కడ రన్‌వే నేవీ వాళ్లది. ఇలాంటి చోట శిక్షణ విమానాలకు అడ్డం రాని సమయంలోనే ప్రయాణికుల విమానానికి చోటిస్తారు. కంపెనీ తనకు లాభమైన టైము ఎంచుకోవడానికి ఉండదు.

జీఎంఆర్ ఇందులోకి ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. శంషాబాద్ విమానాశ్రయం కట్టేటప్పుడు 2004లో చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. దాని చుట్టూ 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ల పాటు పోటీగా కొత్త విమానాశ్రయం రాకూడదు. కోట్లు పెట్టి కట్టేవాళ్లకు ఆ ధైర్యం ఇవ్వాలి కదా అని ప్రభుత్వం ఒప్పుకుంది. పటం మీద సూటిగా గీత గీస్తే శంషాబాద్ నుంచి బీదర్ సుమారు 125 కిలోమీటర్లు. కలబురగి 155 దాటుతుంది. ఈ కాస్త తేడా ఎంత పని చేసిందో చూడండి. కలబురగిలో 2019 నవంబరులో విమానాలు మొదలయ్యాయి. బీదర్‌లో టెర్మినల్ కట్టి ఏళ్లు గడిచినా తాళమే ఉండింది. చివరికి హైదరాబాద్ వాళ్లు అభ్యంతరం లేదన్నారు, పైగా నడిపే పనీ వాళ్లే తీసుకున్నారు. వరంగల్ మామునూరుకు కూడా ఇదే షరతు అడ్డం. అక్కడ కూడా జీఎంఆర్ సరేనన్నాకే 2025లో కేంద్రం అనుమతి వచ్చింది. రాష్ట్రం వేరైనా, భాష వేరైనా ఆ 150 కిలోమీటర్ల గీతకు తేడా లేదు! బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే కాబట్టి పాత బంధుత్వం అనుకోవాలేమో.

సరే, విమానం వచ్చింది. నిలబడిందా? మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడ. అమ్మ విమానాశ్రయం అంటుంది, నాన్న విమాన నిల్దాణ అంటాడు. తెలుగు మాటలో విమానానికి నీడ దొరుకుతుంది, కన్నడ మాటలో విమానం ఆగుతుంది. బీదర్ విషయంలో నాన్న మాటే నిజమైంది. 2022 మొదట్లో ట్రూజెట్ కంపెనీ విమానాలే మొత్తం ఆగిపోయాయి. జూన్‌లో స్టార్ ఎయిర్ వచ్చింది. 2023 చివర్లో అదీ ఆపేసింది. ఏడాది పైగా టెర్మినల్ ఖాళీ. రాష్ట్ర ప్రభుత్వం డబ్బు సాయానికి ముందుకొచ్చాక 2025 ఏప్రిల్‌లో స్టార్ ఎయిర్ మళ్లీ మొదలుపెట్టింది.

దీనికి కారణం ఉడాన్ పథకం లెక్కలో ఉంది. 2017 ఏప్రిల్‌లో మన కడప–హైదరాబాద్ విమానం మొదలైంది కూడా ఈ పథకంలోనే. ఇందులో దాదాపు సగం సీట్లకు ధర పరిమితి ఉంటుంది, పథకం మొదలైనప్పుడు అది గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలు. డెబ్బై సీట్ల విమానమైతే ముప్పై అయిదు సీట్లు అలా పోతాయి. కంపెనీకి వచ్చే లోటును ప్రభుత్వం పూడుస్తుంది, ఎక్కువ భాగం కేంద్రం, కొంత రాష్ట్రం. కానీ ఈ సాయం మూడేళ్లే. ఆ లోపు ఊరివాళ్లు విమానానికి అలవాటు పడి మామూలు ధరకే ఎక్కుతారని ఆశ. చిన్న ఊళ్లలో మూడేళ్లకే ఆ అలవాటు రావడం కష్టమని నా అభిప్రాయం. పైగా రోజుకు ఒక్క విమానం, అదీ ఒక్క ఊరికి. అది రద్దయితే ఇంకో విమానం ఉండదు. అలా రెండుసార్లు జరిగితే జనం మళ్లీ రైలు టికెట్టే కొంటారు, కంపెనీ ఏమో జనం రావట్లేదంటుంది.

అమెరికాలో వేరే పద్ధతి ఉంది. అక్కడ చాలా విమానాశ్రయాలు నగరాలవే, మన మున్సిపల్ మార్కెట్ లాగ. లాస్ ఏంజెలిస్ నగరానికి వాన్ నైస్ అని ఒకటి ఉంది, అందులో టికెట్ కొని ఎక్కే విమానాలు ఉండవు. శిక్షణ విమానాలు, సొంత విమానాలు, రోగుల్ని తీసుకెళ్లేవి, ఇలాంటివే. దీన్నే జనరల్ ఏవియేషన్ అంటారు. షెడ్ల అద్దె, ఇంధనం అమ్మకం, దిగినందుకు రుసుము, వీటితో నడుస్తాయి. సొంతం కాబట్టి మూసే మాట కూడా నగరం ఎత్తగలదు. శాంటా మోనికా నగరం చప్పుడు భరించలేక తన విమానాశ్రయాన్ని 2028 చివర మూసేయడానికి ఒప్పందం చేసుకుంది. మనకు రాజ్యాంగంలో విమానయానం కేంద్ర జాబితాలో ఉంది, నగరసభ చేతికి రాదు. మనలో దానికి దగ్గరగా ఉన్నది బేగంపేట. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్ వెళ్లిపోయాక అక్కడ వీఐపీలవి, సొంత విమానాలు దిగుతున్నాయి.

నన్నడిగితే బీదర్ వాళ్లకి బెంగళూరు టికెట్ ఎంత అవసరమో, రాత్రి పూట ప్రాణం మీదికొచ్చిన రోగిని తీసుకెళ్లే విమానం దిగే వీలూ అంతే అవసరం. అది లాభనష్టాల లెక్కలోకి రాదు, అందుకే ఎవరూ మాట్లాడరు. చప్పుడు భరించేది ఊరు, టైము చెప్పేది ఇంకొకరు.

మీలో ఎవరైనా నానక్ ఝీరాకో, బహమనీల కోటకో విమానంలో వెళ్లాలనుకుంటే ముందు ఆ వారం విమానం ఉందో లేదో చూసుకోండి. దిగాక ఫోన్ సంచిలో పెట్టేయండి, అది ఎయిర్‌ఫోర్స్ స్థలం, ఫోటోలు తీయకూడదు. సూర్యకిరణ్ వాళ్లని చూడాలంటే మాత్రం టికెట్ అక్కర్లేదు, మేడ ఎక్కితే చాలు.