ఆటోమేటిక్ గేరుబాక్సునకు తగిన తైలము

ఒంగోలునుండి కర్నూలు దారిని పడమటికి పోవువారికి, మిరప, పొగాకు చేలు దాటినపిమ్మట, చీమకుర్తి చేరువలో మెట్లుమెట్లుగా లోతునకు దిగిన క్వారీలు కానవచ్చును. నల్లని ఒంటిపై బంగారు చుక్కలు మెఱయు గెలాక్సీ గ్రానైటునకు జన్మస్థానమిది. వర్తకులు గ్రానైటని పిలుచుచున్నను, భూగర్భశాస్త్రము ననుసరించి అది గాబ్రో జాతి శిల. ఆ చుక్కలు బ్రాంజైటు ఖనిజపు స్ఫటికములు. ఒక్క ఘనమీటరే సుమారు 3 టన్నులు తూగు ఈ శిలను కదల్చుటకు తెచ్చిన పెద్ద లోడరులు దినమంతయు ముందునకును వెనుకకును తిరుగుచునే యుండును. డ్రైవరు దిక్కు మార్చునపుడెల్ల చేతిమీటను త్రిప్పునే కాని కాలితో క్లచ్ తొక్కడు; ఆ పనిని గేరుబాక్సులోని తైలమే నిర్వర్తించుచున్నది. కావున ఆ తైలమును కేవలము కందెనగా గాక యంత్రభాగములలో నొకదానిగా ఎంచుట యుక్తము.

ఇట్టి యంత్రమున ఇంజనునకును గేర్లకును నడుమ టార్క్ కన్వర్టరు ఉండును. ఇంజనుతోపాటు తిరుగు రెక్కలు తైలమును వడిగా విసరగా, ఆ ప్రవాహము ఎదుటి టర్బైను రెక్కలను త్రిప్పును. మరలివచ్చు ప్రవాహమును నడుమనున్న స్టేటరు దారి మళ్లించి, బండి కదలునప్పటి టార్కును పెంచును. అదే తైలము పంపు ఒత్తిడితో వాల్వుల గుండా పోయి పిస్టనులను నెట్టి క్లచ్ ప్లేట్లను బిగించును. బేరింగులను తడిపి, పుట్టిన వేడిని కూలరునకు మోసికొనిపోవును. బేరింగులకు జారుడుతనము కావలయును, క్లచ్ ప్లేట్లకు పట్టు కావలయును. పరస్పర విరుద్ధములైన ఈ రెండు కోరికలను ఒక్క ద్రవమే తీర్పవలసి యుండుటచేతనే తైలము నెన్నుకొనుట సులభము కాకున్నది.

ప్లేట్లు జారుచు జారుచు నిలిచి బిగియు ఆఖరి క్షణమున ఘర్షణ హఠాత్తుగా పెరిగినచో బండి కుదుపునకు లోనగును. దానిని వారించుటకై, లోహమునంటి పలుచని పొరగా నిలుచు కొన్ని రసాయనములను తైలమున కలుపుదురు. ఒకప్పుడు అమెరికాలో స్పెర్మ్ తిమింగిలపు నూనెనే ఇందులకు వాడిరి; 1970 దశాబ్దపు తొలినాళ్లలో అది నిషిద్ధము కాగా, రసాయనజ్ఞులు ప్రత్యామ్నాయములను కల్పింపవలసి వచ్చినది. జనరల్ మోటార్స్ 1949లో టైప్-ఎ ప్రమాణమును, 1967లో డెక్స్రాన్ ప్రమాణమును వెలువరించి మెత్తని బిగింపును కోరగా, ఫోర్డు వారి టైప్-ఎఫ్ తైలము ఆ రసాయనములు లేకయే గట్టి పట్టు నిచ్చునదిగా రూపొందినది. రెండును ఎఱ్ఱనివే, చిక్కదనమునను దగ్గఱివే. గుణమున మాత్రము భిన్నములు. ఎఱుపు, కారుచున్నది ఏ తైలమో గుర్తించుటకై కలిపిన రంగే కాని నాణ్యతకు చిహ్నము కాదు.

బరువైన బ్లాకులెత్తు లోడరులలో ప్లేట్లపై పడు భారము మిక్కుటము గనుక వానికి పట్టే ప్రధానము. క్యాటర్‌పిల్లర్ వారు నిర్దేశించిన టీఓ-4 ప్రమాణము ఇట్టిదే. అందును 10, 30, 50 మొదలగు గ్రేడులలో ఆ ప్రాంతపు ఉష్ణోగ్రతకు తగినదానిని మాన్యువలు చెప్పును. అట్టి యంత్రమున కార్ల ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) పోసినచో ప్లేట్లు జారి, వేడెక్కి, తుదకు మాడిపోవును. అయినను లోడరులన్నిటికి టీఓ-4యే వలయునని భావింపరాదు. కంపెనీని, మోడలునుబట్టి నియమము మారుచుండును.

కార్ల విషయమున చిక్కు మఱియు నెక్కువ, ఏలయన ఆటోమేటిక్ అను ఒకే పేరు క్రింద పలు జాతుల గేరుబాక్సులున్నవి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశమున ప్రవేశించిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్)లో ఉన్నది మామూలు గేరుబాక్సే గనుక దానికి గేర్ ఆయిలును, మీటలను కదల్చు సాధనమునకు వేఱొక ద్రవమును వాడుదురు. సీవీటీ (కంటిన్యువస్లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్)లో ఉక్కు బెల్టు కప్పీల నడుమ బిగిసి నడచును గనుక, మామూలు ఏటీఎఫ్ పోసినచో బెల్టు జారి లోహము గీరుకొనిపోవును. ఒకే వంశములోనైనను తేడా కలదు: 2005లో వచ్చిన డెక్స్రాన్-6, డెక్స్రాన్-3 కంటె పలుచన. పలుచని తైలమునకై రూపొందిన గేరుబాక్సులో పాత చిక్కని తైలమును పోయుట తగదు.

సరియైన తైలమును కొనినంతమాత్రమున పని ముగియదు. సాధారణపు హద్దు మీఱి వేడిమి సుమారు 10 డిగ్రీలు హెచ్చినపుడెల్ల తైలపు ఆయువు సగమగునని ఇంజనీర్ల స్థూలమైన లెక్క. కనుక రోహిణికార్తె ఎండలో బరువులు మోయు బండికి, మార్చు గడువును కుదించుకొనుటయే మేలు. తైలము గోధుమరంగునకు తిరిగి మాడువాసన వేసినచో ప్లేట్లు చెడుచున్నవని గ్రహింపవలెను. క్వారీలో డిప్‌స్టిక్ తీయుటకు ముందు దాని మూతిచుట్టు పేరిన రాతిపొడిని గుడ్డతో తుడువవలెను. ఆ పొడి లోపల పడినచో వాల్వులను పట్టివేయును. మట్టమును మాన్యువలు చెప్పిన వేడిలోనే చూడవలెను; మించి పోసిన తైలము నురుగై ఒత్తిడిని కోల్పోవును.

అంగడిలో అన్ని బండ్లకును సరిపడునని అమ్ము డబ్బాలు దొరకును. వానిపై ఆ మాటగాక, మీ బండి మాన్యువలు కోరిన ప్రమాణము పేరు ఉన్నదా లేదా అని అక్షరమక్షరము సరిచూచుకొనుడు. లేనిచో ఆ డబ్బాను ఎంత చౌకయైనను కొనవలదు.