వార్తల్లో పదం: ప్రీ-మెడ్

అమెరికాలో మనలా ఇంటర్ కాగానే మెడిసిన్‌లో చేరే పద్ధతి లేదు. సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. ఆ డిగ్రీలో ఉంటూనే మెడికల్ కాలేజీకి సిద్ధపడటమే ప్రీ-మెడ్. ఇది డిగ్రీ పేరు కాదు. చరిత్రో సంగీతమో ప్రధాన సబ్జెక్టుగా తీసుకున్నా, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబ్‌లతో సహా పూర్తిచేస్తే చాలా కాలేజీలకు దరఖాస్తు చేయవచ్చు. అయితే సైన్స్, గణితం గ్రేడ్ల సగటును విడిగానూ లెక్కగడతారు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ‘సి’ వచ్చి, మళ్లీ చదివి ‘ఎ’ తెచ్చుకున్నా, ఉమ్మడి దరఖాస్తులు చూసే ఆమ్‌కాస్ రెండు గ్రేడ్లనూ కలుపుతుంది. మొదటి ఏడాదే మోయలేనన్ని కోర్సులు నెత్తికెత్తుకున్న పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ఆపై గరిష్ఠంగా 528 స్కోరు ఉండే ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష. కాబట్టి అక్కడి తెలుగు తల్లిదండ్రులారా, ప్రధాన సబ్జెక్టుగా బయాలజీయే తీసుకోమని పట్టుబట్టకండి. పిల్లలు ఇష్టంగా చదివే సబ్జెక్టునే ఎంచుకోనివ్వండి.