బోదకాలు కాదు, బొద్దుతనమూ కాదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఆడమనిషి కాళ్లు లావుగా కనిపిస్తే చుట్టుపక్కల వాళ్లు వెంటనే బోదకాలని పేరు పెట్టేస్తారు. ఈ నేలకు ఆ జబ్బు కొత్త కాదు. రాత్రిపూట వచ్చి రక్తపు చుక్క తీసుకెళ్లే సిబ్బందినీ, డీఈసీ మాత్రలు పంచే ఆశా కార్యకర్తలనూ ఇక్కడి వాళ్లు చూస్తూనే ఉన్నారు. 2018 నుంచి బోదకాలు బాధితులకు పింఛను కూడా వస్తోంది. అయితే అదే పేరు కింద మరో జబ్బు మరుగున పడుతోంది. దాని పేరు లిపిడీమా. ఆ కాళ్లకు వేసుకునే బిగుతు మేజోళ్ల చుట్టూ, అంటే కంప్రెషన్ సాక్సులూ లెగ్గింగుల చుట్టూ, అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: "కాళ్లు లావైనయంటే బోదకాలే. లేకుంటే తిండెక్కువై ఒళ్లు చేసినట్టు."

వాస్తవం: బోదకాలు క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగు వల్ల వస్తుంది. చాలాసార్లు ఒక కాలికే ఎక్కువగా ఉంటుంది, పాదం కూడా ఉబ్బుతుంది. లిపిడీమాకు దోమతో పని లేదు. దాదాపు ఆడవాళ్లకే వస్తుంది. రజస్వల అయినప్పుడో, కాన్పుల సమయంలోనో, ముట్లుడిగే వయసులోనో బయటపడుతుంది. ఒకే కుటుంబంలో తల్లికీ బిడ్డకీ కనిపించడమూ ఉంది. నడుము కింది నుంచి చీలమండల దాకా రెండు కాళ్లూ సమానంగా లావెక్కుతాయి, పాదాలు మాత్రం మామూలుగానే ఉంటాయి. పట్టీలు పెట్టుకునే చోట కొవ్వు గట్టు కట్టినట్టు ఆగిపోతుంది. నొక్కితే నొప్పి. చిన్న దెబ్బకే చర్మం కమిలి నీలం తేలుతుంది. కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పైకి లాగి చూడండి. లిపిడీమాలో మామూలుగా పట్టు దొరుకుతుంది, ముదిరిన బోదకాలులో దొరకదు. ఇది గుర్తు మాత్రమే, నిర్ధారణ వైద్యులే చేయాలి.

1940లోనే అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అలెన్, హైన్స్ దీన్ని వివరించారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. అయినా ఈ ఆడవాళ్లు ఇంట్లోనూ బయటా వినే మాట ఒకటే: "తినుడు తగ్గియ్యి." తిండి తగ్గించినప్పుడు ముఖం, నడుము చిక్కినా కాళ్లు అంతగా తగ్గకపోవడమే ఈ జబ్బు లక్షణం. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఈ మాట ఇంట్లో వాళ్లు ముందు తెలుసుకోవాలి.

అపోహ: "గా సాక్సులు తొడిగితే కాళ్లు సన్నగైతయ్."

వాస్తవం: కావు. ఏ మేజోడూ కొవ్వును కరిగించదు. నొప్పీ బరువూ తగ్గించడం, సాయంత్రానికి చేరే వాపును అదుపులో పెట్టడం, నడిచేటప్పుడు కాలికి ఆసరా ఇవ్వడం, ఇవీ అది చేసే పనులు. సన్నబడాలనే ఆశతో కొన్నవాళ్లు నెల తిరగకుండానే పెట్టెలో పడేస్తారు. సాయంత్రం వంట చేసేటప్పుడు కాళ్ల పీకుడు తగ్గిందా అన్నదే చూసుకోవాల్సిన లెక్క.

అపోహ: "దుబాయ్‌ల ఉన్నాయనకు చెప్తే పంపిస్తడు. ఎవలివైనా ఒక్కటే."

వాస్తవం: గల్ఫ్ పార్సెల్‌లో వచ్చిన మేజోళ్లు నాణ్యమైనవే కావచ్చు, కొలత మాత్రం మీది కాదు. చీలమండ, పిక్క, మోకాలు, తొడల చుట్టుకొలతలు ఉదయం, వాపు తక్కువగా ఉన్నప్పుడు తీయించుకోవాలి. నేత తెలిసిన సిరిసిల్ల వాళ్లకు ఇందులో తేడా త్వరగా అర్థమవుతుంది. మామూలు మేజోడును గొట్టంలా గుండ్రంగా అల్లుతారు. అది మెత్తగా సాగుతుంది, కొవ్వు మడతల్లోకి దిగి కోస్తుంది. రెండో రకాన్ని బల్లపరుపుగా, కాలి ఆకారాన్ని బట్టి కుట్లు పెంచుతూ తగ్గిస్తూ అల్లి, చివర అంచులు కలిపి కుడతారు. గట్టిగా ఉండి మడతల మీదుగా సమంగా పడుతుంది. ఎక్కువ లావున్న కాళ్లకు ఇదే మేలు, కాకపోతే ఖరీదు ఎక్కువ. మెడికల్ షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీ చుట్టుకోవడం దీనికి బదులు కాదు. ఒకచోట వదులై మరోచోట బిగుసుకుంటుంది.

అపోహ: "ఎంత బిగువైతే అంత మంచిది. రాత్రి కూడా తీయొద్దు."

వాస్తవం: బిగువును బీపీలాగే పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఐరోపా కొలతలో మొదటి తరగతి 18 నుంచి 21, రెండోది 23 నుంచి 32. రెండో తరగతి కొని దాచుకోవడం కన్నా మొదటిది రోజూ వేసుకోవడం మేలు. లేవగానే తొడుక్కుని, పడుకునే ముందు తీయడం మామూలు పద్ధతి. షుగర్ ఉన్నా, పొగాకు అలవాటున్నా, గుండె జబ్బున్నా ముందు కాళ్లలో రక్తప్రసరణ చూపించుకోవాలి. చెయ్యి బీపీని చీలమండ బీపీతో పోల్చే చిన్న పరీక్ష ఉంది. జగిత్యాల, సిరిసిల్లల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, అక్కడ మొదలుపెట్టవచ్చు. రక్తనాళాల నిపుణులు కావాలంటే హైదరాబాద్ నిమ్స్‌లో ఉన్నారు. వేళ్లు తిమ్మిరెక్కినా నల్లబడినా వెంటనే తీసేయాలి. కాలు ఎర్రబడి జ్వరం వస్తే తీసేసి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అపోహ: "మన ఎండలకు ఇవి నడవయ్."

వాస్తవం: మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలలో ఇది తీసిపారేసే మాట కాదు. అయినా దారులున్నాయి. వేసుకున్నాక పైనుంచి కాస్త నీళ్లు చిలకరించుకుంటే చల్లబడుతుంది. మిట్టమధ్యాహ్నం భరించలేకపోతే కాసేపు తీసి, కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకుని, మళ్లీ వేసుకోవచ్చు. రెండు జతలుంటే రోజూ ఉతకొచ్చు. మెత్తటి సబ్బుతో ఉతికి, పిండకుండా తువ్వాలలో నొక్కి నీడన ఆరేయాలి. ఎండలో వేస్తే సాగే గుణం పోతుంది. రోజూ వాడేవి సుమారు ఆరు నెలలకు వదులవుతాయి.

అపోహ: "కూసుండి బీడీలు చేసేటోళ్లకు ఇవెందుకు?"

వాస్తవం: పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేవాళ్లకూ, కండెలు చుట్టేవాళ్లకూ, సాంచాల దగ్గర నిలబడేవాళ్లకూ సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి. బాసిపట్టు వేసుకుంటే మోకాలి వెనక బట్ట ముడతపడి కోస్తుంది. కాబట్టి కాళ్లు చాపుకుని గానీ, ఎత్తు పీట మీద గానీ కూర్చోవాలి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే పిక్క కండరం కదిలి, బిగుతు మేజోడు కింద రక్తాన్నీ నీరునూ పైకి నెడుతుంది. తొడిగేటప్పుడు గాజులూ ఉంగరాలూ తీసి, పాత్రలు కడిగే రబ్బరు తొడుగులు చేతికి వేసుకుంటే బట్ట చిరగకుండా పైకి జరుగుతుంది. మెట్టెలు తీయడం ఇష్టం లేనివాళ్లు వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం అడిగి తీసుకోవచ్చు.