మన్నించే కర్ర: ఫెయిర్‌వే వుడ్ ఎంపికలో భౌతికశాస్త్రం

హాంబర్గ్ నగరపు పశ్చిమ భాగాన, ఎల్బే నదీతీరపు ఎత్తైన ఇసుక నేలలపై, ఫాల్కెన్‌స్టైన్ గోల్ఫ్ మైదానం ఉన్నది. 1906లో స్థాపితమైన హాంబర్గ్ గోల్ఫ్ సంఘం వారి కోసం దీనిని రూపొందించినది సుప్రసిద్ధ ఆంగ్ల రూపశిల్పి హ్యారీ కోల్ట్ బృందం. 1981లో జర్మన్ ఓపెన్ పోటీ ఇక్కడే జరిగినది. బెర్న్‌హార్డ్ లాంగర్ అందులో గెలిచి, ఆ పోటీని నెగ్గిన తొలి జర్మన్ దేశీయునిగా పేరు పొందినాడు. ఆనాడు అధిక సంఖ్యాకులైన ఆటగాళ్లు వాడినవి పర్సిమన్ అనే గట్టి కలపతో చేసిన తలలు గల కర్రలే. ఉక్కుతో పోతపోసిన తలను టేలర్‌మేడ్ సంస్థ 1979లోనే విపణిలోకి తెచ్చినా, దానికి పూర్తి ఆదరణ లభించుటకు మరికొన్ని సంవత్సరాలు పట్టినది. నేటి ‘వుడ్’లో కలప లేదు, పేరు మాత్రమే మిగిలినది.

ఉద్యోగరీత్యా జర్మనీకి వచ్చి నడివయస్సులో ఈ ఆట మొదలుపెట్టే తెలుగువారికి ముందు ఎదురయ్యేది ‘ప్లాట్స్‌రైఫె’ అనే మైదాన అర్హత పరీక్ష. అది దాటిన వెంటనే ఎదురయ్యేది దుకాణం. తప్పులను మన్నించే కర్ర ఇదేనని అక్కడ ప్రతి సంవత్సరమూ ఒక కొత్త నమూనా దర్శనమిస్తుంది. వారానికి ఒక పూట మాత్రమే ఆడగలిగే గృహస్థు దానికి కుటుంబపు సొమ్మును వెచ్చించవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం ప్రకటనలలో కంటె భౌతికశాస్త్రంలో స్పష్టంగా లభిస్తుంది.

మన్నింపు అనగా నేమి?

గోల్ఫ్‌లో మొదటి దెబ్బను సాధారణంగా చిన్న మేకు వంటి ‘టీ’పై బంతి నుంచి కొడతారు. తరువాతి బంతి గడ్డిపై పడి ఉంటుంది. అక్కడినుండి దూరం కొట్టుటకు ఉద్దేశించినది ఫెయిర్‌వే వుడ్. మూడవ సంఖ్య వుడ్‌కు ముఖపు వాలు సుమారు 15 డిగ్రీలు, అయిదవదానికి సుమారు 18, ఏడవదానికి సుమారు 21 డిగ్రీలు ఉంటుంది.

క్రికెట్ ఆడిన వారందరికీ బ్యాట్ నడుమ తగిలిన బంతికీ, అంచుకు తగిలిన బంతికీ గల భేదం తెలిసినదే. అంచుకు తగిలినప్పుడు బ్యాట్ చేతిలో మెలి తిరుగుతుంది. బంతికి చేరవలసిన శక్తిలో కొంత ఆ మెలికకు ఖర్చయిపోతుంది. గోల్ఫ్ కర్ర తల కూడ ఇదే విధంగా తిరుగుతుంది. ఈ తిరుగుడును ఎదిరించే గుణమే జడత్వ భ్రామకం. నీటి బిందెలను ఒంటికి ఆనించి ఎత్తుకొన్న మనిషి సులభంగా ప్రక్కకు తిరుగగలడు. అవే బిందెలను కావడి రెండు కొసలకు కట్టి మోసేవాడు అంత త్వరగా తిరుగలేడు. మొత్తం బరువు మారలేదు. అది మధ్యనుండి కొసలకు జరిగినది. మన్నించే కర్రలో నిర్మాతలు చేసేది ఈ కావడి పనియే. ముఖాన్ని పలుచగా చేసి, మిగిలిన లోహాన్ని తల వెనుకకు, అంచులకు తరలిస్తారు.

దీని వలన లాభం ఎంత? ఉదాహరణకు 212 గ్రాముల తల, 46 గ్రాముల బంతి తీసుకొనవచ్చును. మధ్యలో తగిలినచో బంతి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుందనుకొంటే, రెండు సెంటీమీటర్లు ప్రక్కకు తగిలినప్పుడు, జడత్వ భ్రామకం 2000 గ్రామ్-చదరపు సెంటీమీటర్లు గల తలతో ఆ వేగం సుమారు 186కు పడిపోతుంది. 3000 గల తలతో సుమారు 190 వద్ద నిలుస్తుంది. ముఖం వంగి తిరిగి సాగే గుణాన్ని ఈ లెక్కలో చేర్చలేదు. గంటకు నాలుగు కిలోమీటర్ల భేదం మైదానంపై నాలుగైదు మీటర్లకు సమానం. లాభం ఉన్న మాట నిజమే కాని, అది అద్భుతం కాదు.

నేలపైనున్న బంతి కథ వేరు

డ్రైవర్‌కు చెప్పే సూత్రాలన్నీ ఫెయిర్‌వే వుడ్‌కు యథాతథంగా వర్తించవు. నిబంధనల ప్రకారం బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అనగా నేలపైనున్న బంతి కేంద్రం సుమారు 21 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. 15 డిగ్రీల వాలు గల ముఖం బంతిని కేంద్రానికి కొంచెం దిగువగా, సుమారు 16 మిల్లీమీటర్ల ఎత్తున తాకుతుంది. తల గరిమనాభి దీనికంటె చాల ఎత్తున ఉన్నచో, చక్కగా కొట్టిన దెబ్బ కూడ ముఖపు క్రింది భాగాన తగిలిన దెబ్బయే అవుతుంది. వేగం తగ్గి, బంతి తక్కువ ఎత్తున, అధికమైన వెనుక తిరుగుడుతో పోతుంది. కనుక ఈ కర్రలో మొదట చూడవలసినది పొడవు తక్కువ గల ముఖం, అడుగున చేరిన బరువు. డ్రైవర్ తల ఘనపరిమాణం 460 ఘనసెంటీమీటర్ల వరకు ఉండవచ్చును. ఫెయిర్‌వే వుడ్ తల అందులో సగానికి కూడ రాదు. పెద్ద తల అనే ఆకర్షణ ఇక్కడ పనిచేయదు.

మరొక సంగతి వాలు. వాలు పెరిగినకొద్దీ బంతికి వెనుక తిరుగుడు హెచ్చి, ప్రక్కకు వంగే స్వభావం తగ్గుతుంది. అయిదవ వుడ్‌కు కాడ కూడ కొంత పొట్టిగా ఉంటుంది కనుక మధ్యలో తగిలించుట సులభం. నిదానమైన ఊపు గల ఆటగానికి ఖరీదైన మూడవ వుడ్ కంటె సాధారణమైన అయిదవ లేదా ఏడవ వుడ్ ఎక్కువ మన్నించేది కావచ్చును.

మన్నించనివి

ఏ కర్రయైనను మన్నించలేని తప్పులు రెండు. మొదటిది ముఖపు దిశ. బంతి బయలుదేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది తాకిన క్షణాన ముఖం చూసే వైపే. బంతి మూడు డిగ్రీలు ప్రక్కకు బయలుదేరినచో, 180 మీటర్ల దూరం చేరేసరికి సుమారు 9 మీటర్లు తొలగిపోతుంది; దానికి వంపు అదనం. రెండవది బంతికి ముందే నేలను త్రవ్వుట. వెడల్పైన, గుండ్రని అడుగు గల తల మట్టిలో దిగబడకుండ కొంత కాపాడగలదు కాని, పోయిన వేగాన్ని తిరిగి ఇవ్వలేదు.

నేల, గాలి కూడ లెక్కలోనివే. తరచు వానలు పడే హాంబర్గ్‌లో మెత్తని గడ్డిపై బంతి ఎక్కువగా దొర్లదు. గాలిలో పోయిన దూరమే దక్కిన దూరం. సెలవులకు హైదరాబాదు వెళ్లి గోల్కొండ మైదానంలో వేసవిలో ఆడిన వారికి అదే కర్ర ఎక్కువ దూరం కొట్టినట్లు తోచుట సహజం. 35 డిగ్రీల వేడిలో, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైబడిన ఎత్తున, గాలి సాంద్రత హాంబర్గ్‌లోని 10 డిగ్రీల గాలి సాంద్రత కంటె సుమారు ఏడవ వంతు తక్కువ. ఎండిన నేల దొర్లింపు దానికి తోడు. కనుక రెండు చోట్ల కొలిచిన దూరాలను పోల్చి కర్రలకు మార్కులు వేయరాదు.

పరీక్షించే విధానం

దుకాణంలో సాధారణంగా జరిగేది ఇది: కృత్రిమ చాపపై పది బంతులు కొట్టించి, అన్నిటికంటె దూరం పోయినదానిని చూపుతారు. ఇందులో రెండు లోపాలున్నవి. చాపపై తల జారి ముందుకు సాగుతుంది కనుక, నేలను ముందుగా తాకిన తప్పు కప్పబడిపోతుంది. రెండవది, అత్యుత్తమమైన దెబ్బ మన్నింపును కొలవదు; చెడ్డ దెబ్బలే కొలుస్తాయి. ఒక కర్రతో 185 మీటర్లు మొదలు 130 వరకు, మరొకదానితో 176 మొదలు 155 వరకు బంతులు పడినచో, మన్నించేది రెండవదే.

సరియైన పరీక్ష గడ్డిపై, పాత కర్రను ప్రక్కన ఉంచుకొని జరగాలి. ఒకదాని తరువాత ఒకటిగా మార్చి మార్చి కొట్టవలెను; లేనిచో అలసట గాని, శరీరం వేడెక్కుట గాని ఒక కర్రకే లాభిస్తుంది. ముఖంపై పలుచగా పొడి చల్లినచో బంతి ఎక్కడ తగిలినదో తెలుస్తుంది. ప్రతి బంతి గాలిలో పోయిన దూరాన్నీ, ప్రక్కకు తొలగిన దూరాన్నీ వ్రాసుకొనవలెను.

బంతుల సంఖ్య కూడ ముఖ్యమే. సామాన్య ఆటగాని దెబ్బలలో 12 మీటర్ల ప్రామాణిక విచలనం ఉన్నదనుకొంటే, చెరి పది బంతుల సగటుల మధ్య అయిదు మీటర్ల తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చును. చెరి ముప్పై బంతులను రెండు మూడు దినాలలో కొట్టినచో ఆ అనిశ్చితి దాదాపు సగానికి తగ్గుతుంది. అప్పటికీ తేడా కనబడనిచో, కొత్త కర్ర ఆ చేతులకు కొత్తగా ఇచ్చేది ఏమీ లేదనియే అర్థం. ఆ సొమ్ము నాలుగు పాఠాలకు వెచ్చించుట మేలు. ముఖపు దిశను సరిదిద్దగలది శిక్షకుడే గాని లోహం కాదు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరుకు చెందిన అదితి అశోక్, దూరం కొట్టుటలో పోటీదారులలో ఎంతో వెనుకబడి ఉన్నప్పటికీ, నాలుగవ స్థానం సాధించినది. ఆమెను నిలబెట్టినది నిలకడ. మన్నించే కర్ర ఆ నిలకడకు కొంత తోడ్పడగలదు. ఆ తోడ్పాటు ఎంతో ముందుగా కొలిచి చూచుకొన్నవాని సొమ్ము వృథా కాదు.