పసిబిడ్డ ఆసుపత్రిలో ఉన్నప్పుడు

జూపాడు బంగ్లా మండలమున పోతిరెడ్డిపాడు తూములను ఎరుగనివారు లేరు. శ్రీశైలం జలాశయపు నీరు అచ్చట ఎంత విడుదలయగుచున్నదో పంచాయతీ సభ్యులు వ్రేళ్లమీద లెక్క చెప్పగలరు. కాని తమ వార్డులో ఈ నెల పుట్టిన బిడ్డలెందరు, వారిలో ఆసుపత్రిలో ఉన్నవారెవరు అని అడిగినచో తడుముకొందురు. ఇది నిందగా చెప్పుట లేదు. పురిటింటి సంగతి ఆడవారి సంగతియని మనలో అనేకులము అనుకొనుటయే దీనికి కారణము.

ఒక కూలి కుటుంబమును తలంచుకొందము. కాన్పు సుఖముగా జరిగినది. తల్లీబిడ్డలు ఇల్లు చేరిరి. ఐదవనాడు బిడ్డ పాలు సరిగా చీకుటలేదు. ఏడ్పు సన్నగిల్లినది. అరికాళ్లు, పొట్ట చల్లగా తగులుచున్నవి. "ఒళ్లు కాలడంలేదు కదా, దిష్టి తగిలింటాది" అని అవ్వ అన్నది. అవ్వ మాటలో ప్రేమ కలదు గాని పొరపాటు కూడ కలదు. పెద్దలకు రోగము సోకిన ఒళ్లు కాలును. అప్పుడే పుట్టిన బిడ్డకు ఒళ్లు చల్లబడుటయు ప్రమాద సూచనయే. పాలు మానుట, మందముగా పడియుండుట, నిమిషమునకు 60 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీయుట, డొక్కలు లోనికి పోవుట, మూర్ఛ వచ్చుట, వీటిలో ఏ ఒక్కటి కనబడినను ఆ పూటకే ఆసుపత్రికి చేర్చవలెను. ఆముదము, గాడిదపాలు, పొట్టపై వాతలు వలదు. వీటివలన కాలము వృథాయగుటయే గాక, వాత పుండై మరియొక సూక్ష్మజీవికి దారి తెరచును.

ఈ సూచనలను గుర్తించుటకు గొప్ప చదువు అక్కరలేదు. గోదావరికి ఆవల ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్ మొదలగువారు 39 గ్రామములలో పల్లె స్త్రీలకు శిక్షణయిచ్చి, పసిబిడ్డల రోగమును కనిపెట్టి చికిత్స చేయించిరి. రోగము సోకిన బిడ్డలలో మరణములు నూటికి 16.6 నుండి 2.8కి తగ్గినట్లు 1999లో ప్రకటించిరి. వారు గట్టి శిక్షణ పొంది, వైద్యుల పర్యవేక్షణలో పనిచేసినవారు. ఊరిలో ఎవరో ఒకరిచేత ఒక సూది వేయించి ఊరకుండుటకు ఇది ఆధారము కాదు.

108కి ఫోను చేసిన పిదప బండి వచ్చులోగా బిడ్డను తల్లి రొమ్మునకు చర్మము తగులునట్లు హత్తుకొని, పైన గుడ్డ కప్పవలెను. చీకగలిగినచో పాలియ్యవలెను. కాన్పు కాగితములు వెంట ఉండవలెను. 2022 ఏప్రిల్ 4 నుండి మన మండలము నంద్యాల జిల్లాలో చేరినది గనుక కర్నూలు సర్వజన వైద్యశాలలో చేర్చుకొనరేమోయను శంక కొందరికి కలదు. అట్టి శంక వలదు. ప్రాణాపాయమున్న బిడ్డకు జిల్లా సరిహద్దు అడ్డు కాదు.

ఆసుపత్రిలో కుటుంబమును ఎక్కువగా కలవరపెట్టు మాట "అనుమానము". "ఇన్ఫెక్షన్ అని అనుమానము, చేర్చుకొనుచున్నాము" అని వైద్యుడు చెప్పును. రోగము ఉన్నదో లేదో తెలియకయే సూదులేమిటని తండ్రి అడుగును. సహజమైన ప్రశ్నయే. బిడ్డ రక్తమును సూక్ష్మజీవులు పెరుగుటకు అనువైన ద్రవములో ఉంచి, ఏమైనను మొలకెత్తునాయని చూచుటకు సాధారణముగా రెండు దినములు పట్టును. నారుమడిలో మొలక కనబడుటకు వేచియుండినట్లే ఇచ్చటను వేచియుండవలెను. కాని బిడ్డ అంతకాలము ఆగలేదు. పసిబిడ్డకు సోకిన రోగము గంటల మీద ముదురును. అందుచే పరీక్ష ఫలితము రాకముందే ఆంపిసిలిన్, జెంటామైసిన్ వంటి మందులను నరము ద్వారా ప్రారంభింతురు. చివరకు రోగము లేదని తేలు బిడ్డలు కూడ అనేకులు. అప్పుడు వైద్యుడు మోసగించెనని తలపరాదు.

రక్తమంతయు తీసివేయుచున్నారను భయము మరియొకటి. మూడు కిలోల బిడ్డ ఒంటిలో సుమారు 240 మిల్లీలీటర్ల రక్తముండును. ఈ పరీక్షకు తీయునది ఒక మిల్లీలీటరు ప్రాంతము. నడుము నుండి నీరు తీసిన కాళ్లు పడిపోవునను భయము అంతకంటె గట్టిది. వెన్నుపాము ముగిసినచోటుకు దిగువన సూది గ్రుచ్చి కొలది చుక్కలు మాత్రమే తీయుదురు. మెదడు పొరలకు రోగము సోకినదో లేదో దాని వలననే తెలియును. బిడ్డను బట్టలు లేక పడుకోబెట్టిరని అవ్వలు నొచ్చుకొందురు. పైనున్న యంత్రము వేడినిచ్చును, ఆ వేడి చర్మమునకు తగులవలెనని బట్టలు తీయుదురు.

అసలు చిక్కు మూడవనాడు వచ్చును. బిడ్డ కన్ను తెరచి చూచును, పాలు త్రాగును. "బాగనే ఉండాడు కదా, పోదాం పా" అని తండ్రి అనును. అతనిని తప్పుపట్టుట సులభము. కాని ఇంటివద్ద పెద్దపిల్ల పొరుగింట ఉన్నది, మేకలు కట్టుగొయ్యననే ఉన్నవి, కూలి పోయినది, పట్టణములో అన్నము కొని తినవలెను. సంతకము పెట్టి బిడ్డను తీసికొనిపోవువారిలో మూర్ఖులకంటె గత్యంతరము లేనివారే ఎక్కువ. పరీక్షలో ఏమియు మొలవక బిడ్డ కులాసాగా ఉన్నచో వైద్యులే రెండు మూడు దినములలో మందు నిలిపివేయుదురు. రక్తములో సూక్ష్మజీవి కనబడినచో వారము మొదలు రెండు వారముల వరకు, మెదడు పొరలకు సోకినచో మూడు వారముల వరకు మందు నడువవలెను. నడుమ మానినచో మిగిలిన సూక్ష్మజీవులు మరల విజృంభించును. రెండవమారు ఆసుపత్రి చేరులోగా బిడ్డ దక్కకపోవచ్చును.

కావున పంచాయతీ సభ్యుని పని ఆసుపత్రిలో కాదు, ఊరిలోనే ఉన్నది. పెద్దపిల్లకు రెండు పూటల అన్నము, మేకలకు మేత ఎవరు చూతురో ఒకరికి అప్పగించిన చాలును, సగము భారము తగ్గును. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రిలో జబ్బుపడిన పసిబిడ్డకు చికిత్స, మందులు, పరీక్షలు, రాకపోకల బండి ఉచితములు. ఆ సంగతి తెలియక అప్పు చేయువారికి తెలియజెప్పవలెను. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ చేతిలోని స్వేచ్ఛానిధిని మిక్కిలి బీదకుటుంబపు వైద్యావసరమునకు వాడుటకు వీలున్నది. సున్నము చల్లుటకే ఆ నిధియని మనము అనుకొనుచున్నాము.

పరామర్శకని ఆటో నిండ ఎక్కి పోవుట మాత్రము మానవలెను. బిడ్డల వార్డులోనికి ప్రతి చేయి ఒక ప్రమాదమును మోసికొనిపోవును. ఒక్కరు పోయి తల్లికి తోడుండిన మేలు. ఆ ఒక్కరే ప్రతి ఉదయము వైద్యుని కలిసి, బిడ్డ నిన్నటికంటె ఎట్లున్నది, పరీక్ష ఫలితమెప్పుడు వచ్చును, ఇంకెన్ని దినములని అడిగి, ఊరికి ఫోనులో చెప్పవలెను. నలుగురు నాలుగు మాటలు మోసికొనివచ్చుటచేతనే ఊరిలో వదంతులు పుట్టును.

తల్లి పచ్చి బాలింత. బిడ్డ చీకలేని దినములలో కూడ రెండు మూడు గంటలకొకసారి, రాత్రియు మానక, పాలు పిండవలెను. లేనిచో పాలు తగ్గిపోవును. నర్సులు అనుమతించినప్పుడు ఆ పాలను ఉగ్గుగిన్నెతో పట్టవచ్చును. బిడ్డను రొమ్మున కట్టుకొను "కంగారూ" పద్ధతిని నేర్పినచో నేర్చుకొనవలెను. పేరు కంగారూయే గాని తల్లి కంగారును తీర్చునది అదియే. ఏ పాపము చేసితినో అని ఏడ్చు బాలింతకు, ఇది ఎవరి పాపమును కాదని మామగారో మరిదియో ఒక మాట చెప్పిన, మందుకంటె ఎక్కువ పనిచేయును.

ఇల్లు చేరిన పిదప ఆశా కార్యకర్త నియమిత దినములలో వచ్చి చూచును. ఆమెకు ఆసుపత్రి చీటీ చూపవలెను. వాయిదాపడిన టీకాలను అడుగవలెను. మెదడు పొరల జ్వరము వచ్చిన బిడ్డకు చెవి పరీక్ష తప్పక చేయించవలెను. బొడ్డుకు పసుపు, బూడిద పూయరాదు. బిడ్డ ఆసుపత్రిలో ఉండుటచే బారసాల ఆగిపోయినను జనన నమోదు ఆగనక్కరలేదు. ఇంట కాన్పు జరిగినచో 21 దినములలో పంచాయతీ కార్యదర్శికి తెలిపి నమోదు చేయించి, పేరు తరువాత చేర్పించుకొనవచ్చును.