రోమను నాణేల అనుకరణలు

రోమను, బైజాంటైన్ చక్రవర్తుల నాణేలను పోలునట్లు ఇతర దేశాలవారు తయారు చేసిన నాణేలను అనుకరణ నాణేలు అంటారు. ఇవన్నీ దొంగ నాణేలు కావు. చాలా వాటిలో బంగారం మేలైనదే; బొమ్మ, పేరు మాత్రమే పరాయివి.

ఐరోపాలో

476లో పశ్చిమ రోమను సామ్రాజ్యం పతనమైన తరువాత గోతులు, ఫ్రాంకులు మొదలైన జర్మానిక్ జాతుల రాజులు సాలిడస్ (సుమారు 4.5 గ్రాములు), అందులో మూడవ వంతైన ట్రెమిస్సిస్ నాణేలను కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి పేరుతోనే ముద్రించారు. వర్తకులు నమ్మినది ఆ పేరునే. ఫ్రాంకు రాజు మొదటి థియోడెబెర్ట్ (534–548) బంగారు నాణెంపై తన పేరు వేయించాడు. పారశీక రాజు సైతం బంగారంపై తన రూపం ముద్రించడం తగదని ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు ఆక్షేపించాడు.

తెలుగునాట

శాతవాహనుల కాలంలో సముద్ర వాణిజ్యం ద్వారా రోమను నాణేలు తెలుగు దేశానికి చేరాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు 1531 లభించగా, వాటిలో అనుకరణలు కూడా ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాలలో రోమను నాణేల బొమ్మలు గల మట్టి బిళ్ళలు బయటపడ్డాయి. దక్షిణ భారతంలో దొరికిన పలు బంగారు అనుకరణలకు చక్రవర్తి తలపైన రెండు రంధ్రాలు కనిపిస్తాయి. కాసులపేరు వలె వీటిని ఆభరణాలుగా ధరించేవారు.

శాతవాహనులు సీసం, రాగి, పోటిన్, వెండి నాణేలను తమ పేర్లతోనే ముద్రించారు. కనుక ఇక్కడి అనుకరణలు రోముకు లోబడినందుకు గుర్తులు కావు.

గుర్తించే విధానం

లాటిన్ తెలియని పనివారు అక్షరాలను చూచి చెక్కినందున అవి తప్పులుగానో, వట్టి గీతలుగానో మారిపోయాయి.